తాగలేదక్కా

గుడివాడ,
18 నవంబరు 2024.

నాంచారయ్యా,

చిరంజీవి అని మొదలుపెడదామంటే చెయ్యి రాలేదు. ఫోన్ చేస్తే నేను రెండు మాటలు అనేలోపే పెట్టేస్తున్నావు. కాగితం నోరు అలా నొక్కలేవుగా, అందుకే రాస్తున్నాను. మొత్తం చదువు.

నిన్న బందరు ఆసుపత్రికి వెళ్ళి నా కొడుకుని చూసి వచ్చాను. కుడిచేతికి మోచెయ్యి దాకా కట్టు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏమైందిరా బాబ్జీ?" అన్నాను. "రెండు పడవలు గుద్దుకున్నాయమ్మా. ఆపుదామని చెయ్యి అడ్డం పెట్టాను, మధ్యలో నలిగింది" అన్నాడు. "తెల్లారి పొద్దెక్కాక, కదలకుండా లంగరేసి ఉన్న పడవని మీ మావయ్య ఎలా గుద్దాడురా?" అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నీ కూతురు కుమారిని అడిగాను. అది కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దాని బాధ నాకు తెలుసు. కన్నతండ్రివి నువ్వు, కట్టుకున్నవాడు వాడు. ఎవరి తరఫున మాట్లాడుతుంది?

వాళ్ళు చెప్పకపోతే నాకు తెలియదనుకున్నావా? నువ్వు తాగావు. మరదలు చనిపోయిన ఏడాది నువ్వు సీసా పట్టుకుని రేవులో పడి ఉంటే లేపి, తలంటి, అన్నం పెట్టింది నేను. అప్పుడు నా తల మీద చెయ్యేసి ఇంక ముట్టనన్నావు. ఆ ఒట్టు ఏ గట్టున పెట్టావురా?

మీ బావ పోయాక ఈ మార్కెట్లో చేపల గంప ముందు కూర్చుని వాణ్ణి పెంచాను. మేనమామ దగ్గర ఉంటే సముద్రం నేర్చుకుంటాడు, కూతుర్నిచ్చి కడుపులో పెట్టుకుంటాడు అనుకుని నీ చేతుల్లో పెట్టాను. ఇదేనా కడుపులో పెట్టుకోవడం?

ఇంకో మాట. దసరాకి ముందు నువ్వు గుడివాడ వచ్చావు. మార్కెట్ గేటు దగ్గర నిన్ను చూసి చెయ్యి ఊపాను. నా మొహంలోకి సూటిగా చూసి, ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసి, నడిచి వెళ్ళిపోయావు. పక్కన ఎండుచేపలు అమ్మే ధనమ్మ "మీ తమ్ముడు కాదా?" అంది. "కాదులే, అలా ఉన్నాడంతే" అని అబద్ధం చెప్పాను. సొంత పడవ వచ్చాక అక్క దగ్గర చేపల కంపు కొడుతోందా? కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు.

జవాబు రాయి. నిజం రాయి.

కనకమహాలక్ష్మి
(అక్క అని రాయాలనిపించలేదు)


సొర్లగొంది,
23 నవంబరు 2024.

అక్కా,

నువ్వు దీవించలేదు కాబట్టి నేనూ దణ్ణం పెట్టను.

తాగలేదు. కావాలంటే ఇంకోసారి రాస్తాను. తాగలేదు.

ఆ రోజు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వెళ్ళేసరికి పొద్దు సరిగ్గా ఎదురుగా ఉంది. నీళ్ళ మీద పడి కళ్ళలో కొట్టింది. ఆ వెలుతుర్లో పడవ లేదు, గట్టు లేదు, అంతా సున్నపు నీళ్ళు కుమ్మరించినట్టు తెల్లగా ఉంది. ముందు కూర్చున్న బాబ్జీ అరిచాడు. నేను ఇంజను ఆపాను. ఆలోగానే తగిలింది. తప్పు నాది కాదు, పోతయ్యది. పడవలు వెళ్ళే దారికి అడ్డంగా లంగరేసుకుని కూర్చున్నాడు. నేను ఊరుకోలేదులే. కులపెద్దల ముందు నిలబెట్టి "మా వాడికి దెబ్బ తగిలింది నీవల్లేరా" అని కడిగేశాను. ఇంక మొగలో వల వెయ్యడానికి వీల్లేదని వాడికి చెప్పేశారు.

అయినా నువ్వు రాసినంత ఘోరం ఏం జరిగింది? చెయ్యి గీరుకుంది. వాడే నాతో "ఏం లేదు మావయ్యా, తగ్గిపోద్ది" అన్నాడు. వాడికి లేని ఏడుపు నీకెందుకు?

గుడివాడలో నిన్ను చూడలేదు. మీ మార్కెట్ గేటు దగ్గర వందమంది ఆడవాళ్ళు ఉంటారు, అందరూ బేరాలకి చేతులు ఊపుతూనే ఉంటారు. పిలవదలుచుకున్నదానివి గొంతెత్తి పిలవాలి. గొంతు లేనిదానివా నువ్వు?

కళ్ళు నెత్తికెక్కాయన్నావు. నా కళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే కుర్రతనం తిరిగొచ్చింది. నీ ఉత్తరం మొత్తం కళ్ళద్దాలు లేకుండా చదివాను. చదవడానికి అద్దాలు పెట్టుకోవడం మానేసి ఆరు నెలలైంది. కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంటే చీమ తలకాయంత అక్షరం కూడా తెలుస్తోంది. నా ఈడు వాళ్ళు ఎవరు చదువుతారు అలా?

తాగినవాడు ఇంత కుదురుగా రాస్తాడా? నువ్వే చూసుకో.

నీ తమ్ముడు (నేను రాసుకుంటాను)
నాంచారయ్య


గుడివాడ,
30 నవంబరు 2024.

ఒరే,

గీరుకుందా?

మళ్ళీ అడుగుతున్నాను. గీరుకుందా? చూపుడువేలు, మధ్యవేలు ఎముకలు పిండి అయ్యాయి. తీగలు పెట్టి కుట్టారు. ఇంక ఆ రెండు వేళ్ళూ వంగవని డాక్టరు నాకు మొహం మీదే చెప్పాడు. తాడు పట్టలేడు, వల లాగలేడు. అన్నం ఎడంచేత్తో తింటున్నాడురా నా కొడుకు. ముప్ఫయ్యేళ్ళవాడు పసిపిల్లాడిలా చుట్టూ మెతుకులు పోసుకుంటున్నాడు.

పైగా కట్టు విప్పిన రోజు నువ్వు ఆ గదిలోనే గుమ్మం పక్కన నిలబడి ఉన్నావట! కుమారి చెప్పింది. ఆ చేతిని చూసి కూడా గీరుకుందని రాశావంటే నువ్వు మనిషివేనా?

పోతయ్య నాకు ఫోన్ చేశాడు. ఏడ్చాడు. "కనకమ్మ వదినా, నేను ఎప్పుడూ వేసే చోటే లంగరేశాను. నా పడవ ఈ చివర్నుంచి ఆ చివరికి నారింజ రంగు. గుడ్డివాడికైనా కనిపిస్తుంది. నాంచారయ్య బావ నేరుగా నా మీదికే వచ్చాడు. చేతులు ఊపి అరుస్తుంటే పళ్ళు ఇకిలిస్తూ వచ్చాడు" అన్నాడు. పళ్ళు ఇకిలిస్తూ! తాగకపోతే ఎదురుగా ఉన్న పడవని చూసి ఎవరైనా నవ్వుతారా? చేసింది చాలక వాడి నోటి దగ్గర కూడు లాగేశావు.

నాకు ఇంక వాదన వద్దు. బాబ్జీని, కుమారిని గుడివాడ పంపించెయ్. వాడిని నా పక్కన కొట్లో కూర్చోబెట్టుకుంటాను. చేపలు కొయ్యడానికి మనిషిని పెట్టుకుంటాం, లెక్క వాడు చూసుకుంటాడు. నీ సముద్రం నువ్వు తాగు. అది కూడా సరిపోదేమో నీకు.

కనకమహాలక్ష్మి


సొర్లగొంది,
6 డిసెంబరు 2024.

అక్కా,

పంపించేశాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి వాళ్ళు నీ ఇంట్లో ఉంటారు. కుమారి వెళ్తూ నా కాళ్ళ మీద పడి ఏడ్చింది. బాబ్జీ మాత్రం "జాగ్రత్త మావయ్యా" అన్నాడు. నువ్వు ఇన్ని కాగితాలు రాస్తే ఒక్క చోటైనా ఆ మాట ఉందా?

ఆ గదిలో ఉన్నమాట నిజమే. గుమ్మం దగ్గర్నుంచి చూశాను. చెయ్యి చెయ్యిలాగే ఉంది. వాడు నవ్వుతూనే మాట్లాడాడు. నీకు కనిపించిన ఘోరం నాకు కనిపించలేదంటే నేను రాయినా? పోతయ్యని చూసి నేను నవ్వానా? ఎండ కళ్ళలో కొడుతుంటే మొహం చిట్లించుకుంటే నవ్వినట్టా?

నీకొక్కదానికే కాదులే, ఊరందరికీ నేను కానివాణ్ణయ్యాను. రేవులో ఎవరూ పలకరించడం లేదు. పక్కనుంచే పోతారు, నోరు విప్పితే తప్ప ఫలానా అని తెలియనివ్వరు. నేనే ముందు పేరుపెట్టి పలకరిస్తే నేను వాణ్ణి కాదు, వీణ్ణంటారు. నవ్వుతారు. అందరూ పోతయ్య పక్షమే.

ఇంట్లో కూడా ఏదీ సరిగ్గా లేదు. కుమారి కొన్న బల్బులు నాసిరకంవి. దీపం చుట్టూ పిల్లి మీసాల్లాగ గీతలు గీతలుగా వెలుగు. నాగాయలంక రోడ్డు మీద ఎదురొచ్చే బండి లైటు వేస్తే ఆ బండి పోయేదాకా నిలబడిపోవాల్సి వస్తోంది. పంచె ఎన్ని సార్లు ఉతికినా పసుపుపచ్చగానే ఉంటోంది, సబ్బులు కూడా కల్తీ. పొయ్యి పొగ కళ్ళలో కూర్చుంది. ఎవరో చెబితే తేనె చుక్క వేసుకుంటున్నాను. మండుతోంది కానీ పొగ పోవడం లేదు.

ఒక్కణ్ణే వండుకుంటున్నాను. తాగడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. అయినా తాగలేదు. విను, విని చావు.

నాంచారయ్య


గుడివాడ,
17 డిసెంబరు 2024.

తమ్ముడూ,

ముందు ఆ తేనె సీసా తీసి బయట పారెయ్. ఇప్పుడే. పారేసి వచ్చి మిగతాది చదువు.

ధనమ్మకి చూపు తగ్గిందని బందరులో కళ్ళ డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాను. డాక్టరమ్మ పేరు సుచిత్ర. మన బాబ్జీ ఈడు ఉంటుంది. ధనమ్మని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. "దీపం చుట్టూ గీతలు కనిపిస్తున్నాయా? ఎదురెండలో అంతా తెల్లగా అయిపోతోందా? దూరం నుంచి మనుషుల్ని గుర్తుపట్టలేకపోతున్నారా? తెల్లబట్టలు పసుపుగా ఉన్నాయా?" ఆవిడ ధనమ్మని అడుగుతోంది, నాకేమో నీ ఉత్తరం వినిపిస్తోంది. ఆఖర్న ఇంకోటి అడిగింది. "ఈమధ్య అద్దాలు లేకుండానే దగ్గరివి చదవగలుగుతున్నారా?" ధనమ్మ లేదంది. నేను మధ్యలో దూరి "మా తమ్ముడు చదువుతున్నాడమ్మా, కుర్రతనం తిరిగొచ్చిందంటున్నాడు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "వెంటనే తీసుకురండి" అంది.

అవి శుక్లాలురా. నాకు అర్థమయ్యేలా చెప్పింది. పచ్చిచేప కంట్లో గోళీ ఉంటుంది చూడు, అద్దంలా ఉంటుంది. కూరలో ఉడికాక అదే తెల్లటి సుద్దపూస అయిపోతుంది. మన కంట్లో కూడా అలాంటి గోళీయే ఉందట, దాన్ని కటకం అంటారట. దానిలోంచే వెలుతురు లోపలికి వెళ్ళాలి. వయసు మీద పడి, ఏళ్ళ తరబడి ఎండలో ఉండి, బీడీలు కాల్చి అది మెల్లగా మసకబారుతుంది. నొప్పి ఉండదు, ఎరుపెక్కదు. అందుకే తెలియదు. కొందరికి ఆ గోళీ గట్టిపడేటప్పుడు కొన్నాళ్ళు దగ్గర చూపు బాగున్నట్టు అనిపిస్తుందట. దూరం చూపు మాత్రం పోతూనే ఉంటుంది. నువ్వు గొప్పగా రాసిన కుర్రతనం అదీ!

తేనెలు, పసర్లు, చుక్కల మందులు దేనికీ అది కరగదట. ఆపరేషనొకటే దారి. మసకైన గోళీని తీసి వేరే కటకం పెడతారు.

తాగావన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను. తాగినవాడికి తాగానని తెలుస్తుంది. నీకు మార్కెట్ గేటు దగ్గర నేను కనపడలేదు, రేవులో మనుషులు కనపడలేదు, నారింజ రంగు పడవ కనపడలేదు, నా కొడుకు చెయ్యి కనపడలేదు. ఇన్ని కనపడకపోతే లోకానిదే తప్పన్నావు కానీ, ఒక్కసారైనా నా కళ్ళకేమైందని అనుకోలేదు. ఆ పొగరుకే నాకు కోపం. ధనమ్మకి జనవరిలో చేస్తారు. నువ్వు ముందే రా.

అక్క


సొర్లగొంది,
22 డిసెంబరు 2024.

అక్కా,

మొన్నటిదాకా తాగుబోతుని, ఇప్పుడు గుడ్డివాణ్ణి. రేపు ఏం చేస్తావు, పిచ్చివాణ్ణి చేస్తావా?

నేను ఎక్కడికీ రాను. మన పెదనాన్నకి కంటి ఆపరేషను చేస్తే ఏమైందో మరిచిపోయావా? చీము పట్టి కన్ను పోయింది. చచ్చేదాకా ఒక్క కన్నుతోనే తిరిగాడు. అది నేను కళ్ళారా చూశాను. పైగా శుక్లం పండాలంటారు. పండనిదాన్ని ఎలా తీస్తారు? మీ డాక్టరమ్మకి అనుభవం లేదు.

ఒక సంగతి నీకు అర్థం కావడం లేదు. నేను పడవ నడిపేవాణ్ణి. తాగుబోతు పడవైనా జనం ఎక్కుతారు, పొద్దున్నకి దిగిపోతుందిలే అని. గుడ్డివాడి పడవ ఎవడెక్కుతాడు? నా నోటితో నేను ఆ మాట అన్న రోజున చుక్కాని ఇంకొకడి చేతికి పోతుంది. పద్నాలుగేళ్ళప్పుడు పట్టుకున్నాను దాన్ని. అది లేకపోతే నేనెవణ్ణి? ఈ సంగతి ఊళ్ళో ఎవరికైనా చెప్పావో, నీకూ నాకూ అక్కడితో సరి.

తేనె పారెయ్యలేదు.

నాంచారయ్య


గుడివాడ,
27 డిసెంబరు 2024.

పెదనాన్న కన్ను ఎందుకు పోయిందో నన్ను అడుగు. ఆపరేషను అయిన రెండో రోజే, తల మీద నీళ్ళు పోసుకోవద్దని అంత చెప్పినా వినకుండా కాలవలో మునిగాడు. మన పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పుడు నువ్వు ఏడేళ్ళవాడివి, నీకు కన్ను పోయిందని తెలుసు కానీ కాలవలో మునిగాడని తెలియదు. డాక్టర్ని కాదు, ఆ మొండితనాన్ని తిట్టు. నీకూ అదే వచ్చింది.

పండేదాకా ఆగాలన్నది పాత మాటట. ఇప్పుడు ఆగక్కర్లేదు. ఆగితే గట్టిపడి తియ్యడం ఇంకా కష్టమవుతుందట. ఈ మాట సుచిత్ర గారిని మళ్ళీ అడిగే రాస్తున్నాను.

నేను ఎవరికీ చెప్పను. ఊరికి చెప్పాల్సింది నేను కాదు. కానీ ఒక్క పని చెయ్. రేపు పొద్దున్న గుమ్మంలో నిలబడి ఎడమకన్ను చేత్తో మూసుకుని, కుడికన్నుతో ఎదురింటి అరుగు మీద ఎవరు కూర్చున్నారో చూడు. ఎవరినీ అడక్కు. నీకు నువ్వే తేల్చుకో.

నిన్ను నేను తిట్టలేక కాదు ఆపింది. కాగితం అయిపోయింది.

అక్క


సొర్లగొంది,
2 జనవరి 2025.

అక్కా,

నువ్వు చెప్పిన పని చెయ్యలేదు. నీ మాట వినకూడదని పంతం పట్టి పడవెక్కాను. ఇద్దరు కుర్రాళ్ళని వల లాగడానికి ఎక్కించుకున్నాను. ఏడాది కాలంలో బాబ్జీ లేకుండా మొగ దాటడం ఇదే మొదటిసారి.

పొద్దు ఎదురుగా వచ్చింది. దారి పోయింది. నేను చుక్కాని పట్టుకుని ఆగాను. ఎందుకు ఆగానో నాకే కాసేపు తెలియలేదు. తర్వాత తెలిసింది. నేను ఎదురుచూస్తున్నాను. బాబ్జీ గొంతు కోసం. "కొంచెం ఎడమకి మావయ్యా, ముందు మేట ఉంది మావయ్యా, ఇంక సూటిగా పోనీ" అని వాడు ఏడాదిగా అంటూనే ఉన్నాడు. కుర్రాడు ఊరికే వాగుతున్నాడని విసుక్కునేవాణ్ణి. వాడి కళ్ళతో నడిపాను నా పడవని. నేనే నడుపుతున్నానని అనుకున్నాను.

ఇసుకమేట ఎక్కించబోయాను. కుర్రాళ్ళిద్దరూ అరిచి ఇంజను ఆపించారు. వాళ్ళు కూడా తాగాననే అనుకున్నారు. వెనక్కి తిప్పమని చుక్కాని ఒకడి చేతికిచ్చి పడవలో కూర్చున్నాను. ఆ రోజు పోతయ్య పడవ కాక ఈతగాళ్ళు ఉంటే? పిల్లలు ఉంటే?

ఇంటికొచ్చి అప్పుడు మూసుకున్నాను ఎడమకన్ను. ఎదురింటి అరుగే కనపడలేదు, మనిషి సంగతి తర్వాత.

ఎప్పుడు రావాలో రాయి. వస్తాను. నువ్వు మాత్రం దారిలో ఒక్క మాట అన్నా బస్సు దిగి వెనక్కి వచ్చేస్తాను.

నాంచారయ్య


గుడివాడ,
6 జనవరి 2025.

తమ్ముడూ,

శుక్రవారం పొద్దున్న బందరు బస్టాండులో ఉంటాను. అవనిగడ్డ మీదుగా వచ్చే మొదటి బస్సు ఎక్కు. కిటికీ పక్కన కూర్చో, దిగేటప్పుడు కండక్టర్ని పట్టుకుని దిగు. సిగ్గుపడకు. నేనే నిన్ను చూస్తాను, నువ్వు వెతకొద్దు. గొంతెత్తి పిలుస్తాను, బందరంతా వినపడేలా.

తిట్టను. బస్సులో తిట్టను.

అక్క


సొర్లగొంది,
20 జనవరి 2025.

అక్కకి,

ఆసుపత్రిలో ఒక్క బల్ల మీద రోజంతా పక్కపక్కన కూర్చుని ఇద్దరం మాట్లాడుకోలేదు. మాట్లాడిన ఒక్కసారీ నేను వార్డంతా అదిరేలా అరిచాను. నువ్వు సంచి తీసుకుని వెళ్ళిపోయావు. అందుకే మళ్ళీ కాగితం.

ఆపరేషనుకి నేను భయపడినంత లేదు. కంట్లో మందు వేశారు, మెలకువగానే ఉన్నాను. ఏవో రంగు వెలుగులు, చన్నీళ్ళు పోసినట్టు ఒక చలవ. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటుండగానే "అయిపోయింది నాంచారయ్య గారూ" అంది డాక్టరమ్మ. మర్నాడు కట్టు విప్పారు. ముందు ఆవిడ తెల్లకోటు చూశాను. తెలుపంటే ఇదా అనిపించింది. పిచ్చివాడిలా గోడకేసి, మంచాలకేసి, కిటికీలో ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాను. ఆకాశం అంత నీలంగా ఉంటుందని మరిచేపోయానక్కా.

అప్పుడు బాబ్జీ టీ పట్టుకొచ్చాడు. ఎడంచేత్తో తెచ్చాడు. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "ఏదిరా, చెయ్యి చూపించు" అన్నాను. "ఏం లేదు మావయ్యా" అన్నాడు. లాగి చూశాను.

అది చెయ్యా అక్కా? రెండు వేళ్ళు ఎండిన చింతకాయల్లా వంకరపోయి, తోలు ముడుచుకుని, గోళ్ళు లేకుండా... ఆ చేతిని పట్టుకుని గీరుకుందని రాశాను నీకు. నువ్వు ఎంత ఏడ్చి ఉంటావు ఆ మాట చదివి.

అందుకే అరిచాను. నన్ను నేను తిట్టుకోవాల్సింది పోయి మీ అందరినీ తిట్టాను. నాకు కనపడటం లేదని వాడికి తెలుసు. ఏడాదిగా తెలుసు. నా పరువు పోతుందని నోరు మూసుకుని, ముందు కూర్చుని దారి చెప్పాడు. ఆఖరికి తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరు అడిగారు వాణ్ణి ఆ మర్యాద? "మావయ్యా, నీకు కళ్ళు కనపడటం లేదు, దిగు" అని ఒక్కసారి నా మొహం మీద అంటే వాడి వేళ్ళు ఉండేవి. కుమారికీ తెలుసు. మర్యాదలు చేసి చేసి ఇంత చేశారు. నా కోపం ఇంకా తగ్గలేదు. కానీ ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కులపెద్దల దగ్గరికి వెళ్ళాను. నలుగురిలో చెప్పాను, తప్పు నాది, కనపడక గుద్దానని. పోతయ్య మీద పెట్టిన ఆంక్ష ఎత్తేశారు. తర్వాత వాడింటికి వెళ్ళాను. కూర్చోమనలేదు. "కళ్ళు కనపడకపోతే నీ కళ్ళని తిట్టుకోవాలి బావా, నన్నెందుకు తిట్టావు? రెండు నెలలు నా పిల్లలు ఏం తిన్నారో అడిగావా?" అన్నాడు. నిలబడి వచ్చేశాను. వాడి పడవ దార్లో చూశాను. మంట మండుతున్నట్టుంది ఆ రంగు.

ఇప్పుడు అసలు మాట. బాబ్జీ నిన్న ఫోన్ చేశాడు. కొట్లో కూర్చోలేకపోతున్నాడట. వస్తానంటున్నాడు. వల లాగలేడు, నిజమే. చుక్కాని పట్టుకోవడానికి ఆ చెయ్యి సరిపోతుంది. చుక్కాని వాడికిచ్చేస్తాను. డాక్టరమ్మ బరువులు ఎత్తొచ్చన్నాక నేను వల దగ్గర కూర్చుంటాను, వాడి మాట వింటాను. నువ్వు ఒప్పుకుంటేనే. వద్దంటే ఇంక అడగను. నీకు వద్దనే హక్కు ఉంది.

నీ తమ్ముడు
నాంచారయ్య


గుడివాడ,
29 జనవరి 2025.

నాంచారయ్యా,

నీ ఉత్తరం వచ్చి వారం. జవాబు రాయడానికి కూర్చోవడం, చింపెయ్యడం. మొదటిదాన్లో వద్దని రాశాను. రెండోదాన్లో నువ్వు చచ్చినా వద్దని రాశాను.

కొట్లో బాబ్జీ ఎలా ఉన్నాడో చెప్తాను. పొద్దున్నే సరుకు దిగుతుంది. ఏ చేప ఏ లోతులో పడిందో వాసన చూసి చెప్తాడు. వచ్చినవాళ్ళని "సముద్రం ఎలా ఉంది?" అని అడుగుతాడు. వాళ్ళు వెళ్ళిపోయాక గల్లాపెట్టె ముందు కూర్చుని గోడకేసి చూస్తాడు. నేను వాణ్ణి కాపాడుకున్నాననుకున్నాను. చేప ఒడ్డున పడ్డట్టుంది వాడికి. "చెప్పరా, వెళ్తావా?" అని మొన్న నేనే అడిగాను. "నువ్వు పంపిస్తే వెళ్తానమ్మా" అన్నాడు. "నేను పంపను, నువ్వు చెప్పు. మర్యాద కోసం నా దగ్గర నోరు మూసుకోకు, ఆ మర్యాదలతోనే ఇంతదాకా వచ్చింది" అని అరిచాను. అప్పుడు చెప్పాడు. "వెళ్తాను."

నీ మాట నిజమే, వాడు ముందే నీతో అనాల్సింది. కానీ కొడుకు లాంటివాడు మేనమామ మొహం మీద ఆ మాట ఎలా అంటాడురా? నువ్వు అననిచ్చే మనిషివా? నాకే, అక్కనైన నాకే, ఇన్ని ఉత్తరాలు పట్టింది. వాడి మీద అరిచింది చాలు. ఇంకోసారి అరిస్తే నేనొచ్చి రేవులోనే నీ సంగతి చూస్తాను.

నా షరతులు చెప్తున్నాను. రెండో కన్ను వచ్చే నెలలో చేయించుకోవాలి, సుచిత్ర గారు తేదీ రాసిచ్చారు, నేనే తీసుకెళ్తాను. అప్పటిదాకా నువ్వు పడవెక్కొద్దు. చుక్కల మందు కుమారి వేస్తుంది, తల మీద నీళ్ళు పోసుకుంటే నాకు చెప్తుంది. పోతయ్య ఇంటికి మళ్ళీ వెళ్ళు. ఈసారి కూర్చోమనేదాకా నిలబడు. ఒక్కరోజుతో తీరే కోపం కాదు వాడిది, నాకు తెలుసు.

పిల్లలిద్దరూ ఈ పొద్దున బయల్దేరారు. ఈ ఉత్తరం కుమారి చేతికే ఇచ్చాను. బాబ్జీ సంచి ఎడంచేత్తో పట్టుకుని బస్సెక్కాడు. మెట్టు మీద తూలితే కుడిచేత్తో కమ్మీ పట్టుకున్నాడు, మిగిలిన మూడు వేళ్ళతో. గట్టిగానే పట్టుకున్నాడు. వెనక్కి పిలవబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడ్డాను. ధనమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆపరేషను అయ్యాక అది ఇప్పుడు అందరికన్నా ముందు నన్నే చూస్తోంది.

నా కొడుకుని రెండోసారి నీకు ఇస్తున్నాను. మూడోసారి ఇవ్వడానికి నా దగ్గర ఇంకొకడు లేడు.

నాకు ఇంకా కోపం తగ్గలేదు. తగ్గిన రోజున చెప్పకుండా వస్తాను. అన్నం వండి ఉంచు.

అక్క
కనకమహాలక్ష్మి